పనిముట్ల పెట్టె – మన సాక్షి



హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మనం ఒక విద్య నేర్చుకుంటాం. అది ట్రంకు పెట్టె సర్దుకోవడం. అడుగున దుప్పటి, దాని మీద బట్టలు, ఒక పక్కన పుస్తకాలు, మూలన సబ్బు పెట్టె, పళ్లపొడి. ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడే ఉంటే కరెంటు పోయిన రాత్రి కూడా చెయ్యి పెట్టి కావలసినది తీసుకుంటాం. ఏదైనా పోతే, పోయిన సంగతి ఆ పూటే తెలుస్తుంది. ఈ వ్యాసంలో మేము చెప్పబోయే పాఠం అంతా ఇదే. కాకపోతే పెట్టె మారుతుంది, వస్తువులు మారతాయి.

మేమిద్దరం ఈ హాస్టల్లో పదో తరగతి వరకు చదువుకున్నాం. తర్వాత ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు పూర్తి చేసి షెడ్లలో పనికి కుదిరాం. ప్రతి ఏడూ మన హాస్టల్ నుంచి కొందరు ఐ.టి.ఐ.కి వెళుతున్నారు. ఫిట్టర్, మోటారు మెకానిక్, డీజిల్ మెకానిక్, ఏ ట్రేడులో చేరినా మొదట చేతికి వచ్చేది పనిముట్లే. వాటిని వాడే పద్ధతి క్లాసులో చెబుతారు. సర్దే పద్ధతి మాత్రం చాలామంది దెబ్బ తిన్నాకే నేర్చుకుంటారు. మేమూ అలాగే నేర్చుకున్నాం.

ఒక సాకెట్ పోయిన రోజు

మేము కొత్తగా చేరిన షెడ్డులో ఒక సాయంత్రం 10 మి.మీ. సాకెట్ కనబడలేదు. పెట్టెలో సామానంతా కలగాపులగంగా ఉండేది. అందువల్ల అది పొద్దున పోయిందో, ముందురోజే పోయిందో, చివరిసారి ఏ బండికి వాడారో ఎవరూ చెప్పలేకపోయారు. ఆరుగురం పనిచేస్తుంటే మా ఇద్దరి సంచులే విప్పించారు. టిఫిను డబ్బా, తువ్వాలు తప్ప ఏమీ దొరకలేదు. “హాస్టల్ పిల్లలు కదా” అని ఒకరు అన్నారు. సాకెట్ ఖరీదు మా కూలీలో కోశారు.

నాలుగు రోజులకు ఒక జీపు, కింద ఏదో చప్పుడు వస్తోందని తిరిగి వచ్చింది. ఇంజను కింద ఉండే రేకులో ఆ సాకెట్ దొరికింది. కోసిన డబ్బు మాకు తిరిగి ఇచ్చారు. ఆ మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

తర్వాతి ఆదివారం మేస్త్రి గారిని అడిగి ఆ పెట్టెను మేమే సర్దాం. ఆ రోజు చేసిన పనినే ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

1. అన్నీ బయటపెట్టి, కడిగి, వేరు చేయాలి

ముందు పెట్టె మొత్తం గోనెపట్టా మీద గుమ్మరించాలి. జిడ్డు పట్టిన వాటిని కిరసనాయిలుతో కడిగి, బనియన్ గుడ్డతో తుడిచి, పల్చగా ఆయిలు రాయాలి. తుప్పు పట్టదు. పైగా సైజు అంకెలు కనబడతాయి. అంకె కనబడని పానాను సర్దినా ప్రయోజనం లేదు.

తర్వాత మూడు కుప్పలు చేయాలి. రోజూ వాడేవి ఒకటి, వారానికోసారి వాడేవి ఒకటి, పనికిరానివి ఒకటి. నోరు తెరుచుకుపోయిన పానా, పగిలిన సాకెట్, తల పుట్టగొడుగులా విచ్చుకున్న ఉలి మూడో కుప్పలోకి పోవాలి. ఉలి తలను గ్రైండింగు చేయించి మళ్లీ వాడుకోవచ్చు. పగిలిన సాకెట్‌ను మాత్రం దాచుకోకూడదు. బలం పెట్టినప్పుడు అది జారితే నలిగేది మన వేళ్లే.

2. సాకెట్లను మొదట డ్రైవు ప్రకారం విడదీయాలి

సాకెట్‌కు రెండు వైపులుంటాయి. ఒక వైపు బోల్టు తల దూరే నోరు. రెండో వైపు హ్యాండిల్ దూరే నలుచదరపు రంధ్రం. ఈ చదరపు రంధ్రం కొలతనే డ్రైవు అంటారు. మన షెడ్లలో ఎక్కువగా కనబడేవి మూడు:

పావు అంగుళం డ్రైవు – 6.35 మి.మీ. – చిన్న స్క్రూలకు, బోల్టులకు.
3/8 అంగుళం డ్రైవు – సుమారు 9.5 మి.మీ. – మధ్యరకం పనులకు.
అర అంగుళం డ్రైవు – 12.7 మి.మీ. – ఇంజను, చక్రాలు, బరువైన పనులకు.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే సాకెట్లన్నింటినీ నోటి సైజు ప్రకారమే ఒక వరుసలో పెట్టేస్తారు. అప్పుడు 10 సైజువి రెండో మూడో పక్కపక్కన చేరతాయి. చేతిలో ఉన్న హ్యాండిల్‌కు ఏది సరిపోతుందో తెలియక ఒక్కొక్కటి పెట్టి చూడాల్సి వస్తుంది. అందుకని ముందు డ్రైవు, ఆ తర్వాత సైజు. ఒక్కో డ్రైవుకు ఒక్కో వరుస. వరుస చివర ఆ డ్రైవు హ్యాండిల్, ఎక్స్‌టెన్షన్ రాడ్డు ఉండాలి.

నోరు ఆరు మూలలదా, పన్నెండు మూలలదా అన్నది కూడా చూసుకోవాలి. ఆరు మూలల సాకెట్ బోల్టు తలను గట్టిగా పట్టుకుంటుంది. అరిగిన, తుప్పు పట్టిన బోల్టులకు అదే మేలు. పన్నెండు మూలలది ప్రతి 30 డిగ్రీలకు ఒకసారి కూర్చుంటుంది కాబట్టి ఇరుకు చోట త్వరగా అమరుతుంది. రెండు రకాలూ ఉంటే వేర్వేరుగా ఉంచాలి.

3. సాకెట్ల పలక – చేతితో చేసుకోవచ్చు

బజారులో క్లిప్పులున్న సాకెట్ రైళ్లు దొరుకుతాయి. డబ్బు లేకపోతే చెక్క పలక చాలు. 25 మి.మీ. మందం ఉన్న పలక తీసుకోండి. సాకెట్లను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ఎడమ నుంచి కుడికి నిలబెట్టండి. రెండింటి మధ్య వేలు దూరేంత సందు వదలండి. ఒక్కొక్క దాని నడిమిన పెన్సిలుతో గుర్తు పెట్టండి. అర అంగుళం డ్రైవు వరుసలో ఆ గుర్తుల దగ్గర 12 మి.మీ. రంధ్రాలు 15 మి.మీ. లోతున వేసి, 30 మి.మీ. పొడవున్న 12 మి.మీ. కడ్డీ ముక్కలను కొట్టి బిగించండి. పైకి 15 మి.మీ. మిగులుతుంది. సాకెట్ చదరపు రంధ్రం దాని మీద కూర్చుంటుంది. పావు అంగుళం వరుసకు 6 మి.మీ., 3/8 వరుసకు 8 మి.మీ. కడ్డీ సరిపోతుంది.

ఒక జాగ్రత్త. కడ్డీ నున్నటిది కావాలి. స్లాబుకు వేసే గీతల కడ్డీ ముక్కలు ఊరికే దొరుకుతాయని మేము మొదట అవే తెచ్చాం. గీతలతో లావు పెరిగి సాకెట్ దూరలేదు. ఒక పూట పని వృథా అయింది.

ప్రతి మేకు ముందు సైజు అంకెను పెయింటుతో రాయాలి. అంకె సాకెట్ మీద ఉంది కదా అనుకోవద్దు. సాకెట్ లేనప్పుడు ఏది లేదో చెప్పేది పలక మీది అంకే. ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే. ఖాళీ చోటు కూడా మాట్లాడాలి.

పానాలకు, కటింగ్ ప్లయర్‌కు, స్క్రూడ్రైవర్లకు హవాయి చెప్పులు చేసే రబ్బరు షీటు వాడుకోవచ్చు. పనిముట్టును షీటు మీద పెట్టి చుట్టూ గీత గీసి, ఆ ఆకారంలో కోసి, కింద వేరే రంగు షీటు అతికించాలి. పనిముట్టు తీసిన వెంటనే కింది రంగు కనబడుతుంది. విమానాల మరమ్మతు షెడ్లలో పనిముట్లను ఇలాగే ఆకారపు గుంటల్లో ఉంచుతారు. డీజిలు తడితో పెడితే రబ్బరు ఉబ్బుతుంది కాబట్టి తుడిచి పెట్టాలి.

4. ఏ అరలో ఏది

మన దగ్గర ఎక్కువగా వాడేది ఐదు అరల మడత పెట్టె. దాని అడుగు అరలో బరువైనవి ఉండాలి. సుత్తి, పెద్ద పానాలు, అర అంగుళం హ్యాండిల్, సాకెట్ల పలక. పలక మీద మందపాటి గుడ్డ మడిచి వేస్తే కుదుపులకు సాకెట్లు ఊడవు. పైఅరల్లో బరువు పెడితే తెరవగానే పెట్టె ఒరుగుతుంది. సొరుగుల బీరువా అయితే ఒకసారికి ఒకే సొరుగు తెరవాలి. అన్నీ లాగితే ముందుకు పడుతుంది.

డబుల్ ఎండ్ పానాలను వరుస తప్పకుండా పెట్టాలి. 6–7, 8–9, 10–11, 12–13, 14–15, 16–17, 18–19, 20–22. రింగు పానాలు వేరే వరుస.

ఆకురాళ్లను ఒకదాని మీద ఒకటి వేయకూడదు. పళ్లు అరుగుతాయి. ఒక్కొక్క దాన్ని గుడ్డలో చుట్టాలి. వెర్నియర్ కాలిపర్, ఫీలర్ గేజి లాంటి కొలత పరికరాలు సుత్తి ఉన్న అరలో ఉండకూడదు. టార్క్ రెంచి ఉంటే పని కాగానే దాని బిగింపును అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి. లేకపోతే లోపలి స్ప్రింగు దెబ్బతిని కొలత తప్పుతుంది.

5. అంగుళాలూ మిల్లీమీటర్లూ కలవకూడదు

పాత ట్రాక్టర్లు, పాత యంత్రాలు కొన్నింటికి అంగుళాల బోల్టులుంటాయి. అర అంగుళం అంటే 12.7 మి.మీ. ఆ కొలత తల ఉన్న బోల్టుకు 13 మి.మీ. సాకెట్ కూడా పడుతుంది. కానీ 0.3 మి.మీ. వదులు ఉంటుంది. బలం పెట్టగానే బోల్టు మూలలు గుండ్రమైపోతాయి. 3/4 అంగుళం 19.05 మి.మీ. కాబట్టి అక్కడ 19 సాకెట్ సరిపోతుంది. అన్ని సైజులకూ ఆ అదృష్టం లేదు. అందుకే అంగుళాల సాకెట్లకు ఎర్ర పెయింటు పట్టీ వేసి, వేరే పలక మీద ఉంచాలి.

మరో సంగతి గుర్తుంచుకోండి. 6 మి.మీ. మర బోల్టుకు మామూలుగా తల 10 మి.మీ. ఉంటుంది. 8 మి.మీ. మర బోల్టు తల 13. జపాను పద్ధతి బండ్లలో 12. 10 మి.మీ. మర బోల్టు తల బండిని బట్టి 17, 16 లేదా 14. బండ్లలో 6 మి.మీ. బోల్టులు చాలా ఉంటాయి. అందుకే 10 సైజు సాకెట్ అన్నింటికంటే ఎక్కువసార్లు పెట్టెలోంచి బయటికి వస్తుంది. ఎక్కువగా పోయేది కూడా అదే. దానికి తెల్ల పట్టీ వేయండి. నూనె, మసి మధ్య పడినా కంటికి ఆనుతుంది.

6. లెక్క – పొద్దున ఒకసారి, మూత వేసే ముందు ఒకసారి

పెట్టె మూత లోపలి వైపు జాబితా అతికించాలి. “సాకెట్లు 18, డబుల్ ఎండ్ పానాలు 8, రింగు పానాలు 8” అని మొత్తాలు రాస్తే చాలు. పొద్దున చూడాలి. ప్రతి బండి పని ముగిశాక, ఇంజను స్టార్టు చేసే ముందు మళ్లీ చూడాలి. పలక సర్ది ఉంటే ఈ లెక్కకు అర నిమిషం కూడా పట్టదు. ఒక మేకు ఖాళీగా కనబడితే బండిని కదలనివ్వకూడదు.

ఎవరైనా అరువు అడిగితే లేదనకండి. కానీ ఖాళీ మేకుకు అతని పేరున్న బిళ్ల తగిలించండి. పెద్ద వర్కుషాపుల్లో ఇందుకు నంబరు వేసిన ఇత్తడి టోకెన్లు వాడతారు. మనకు సోడా మూతకు రంధ్రం వేసి అక్షరం రాస్తే చాలు.

ఒక సాకెట్ ఎంత పని చేయగలదు?

ఇంత చిన్న వస్తువుకు ఇంత హడావుడి ఎందుకని కొందరు నవ్వుతారు. 1980 సెప్టెంబరు 18న అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో, డమాస్కస్ అనే ఊరి దగ్గర జరిగింది వారికి చెప్పండి. అక్కడ భూమిలోపలి గొయ్యిలో టైటాన్-2 క్షిపణి ఉండేది. ఆ పనికి టార్క్ రెంచి వాడాలని నియమం. అది బండిలో ఉండిపోయింది. వెనక్కి వెళ్లకుండా రాచెట్ హ్యాండిల్‌తో పని మొదలుపెట్టారు. దాదాపు నాలుగు కిలోల బరువున్న సాకెట్ ఊడి, సుమారు 80 అడుగుల కిందికి పడి, ఎగిరి, క్షిపణి ఇంధనపు ట్యాంకుకు చిల్లు పెట్టింది. మర్నాడు తెల్లవారుజామున క్షిపణి పేలింది. ఒకరు చనిపోయారు, 21 మంది గాయపడ్డారు. క్షిపణి పైనున్న అణుబాంబు పేలకపోవడం వల్ల పెను ప్రమాదం తప్పింది.

మన షెడ్డులో క్షిపణులు లేవు. అయినా మన జీపు కింది రేకులో దొరికిన సాకెట్ ఫ్యానులోనో బెల్టులోనో పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

చివరిగా

పెట్టె సర్దిన తర్వాత మా షెడ్డులో ఏమీ పోలేదని మేము చెప్పం. పోయాయి. కానీ పోయిన గంటలోనే తెలిసేది. ఏ బండి దగ్గర పనిచేస్తున్నామో గుర్తుండేది. వెళ్లి వెతికితే దొరికేది. ఆ తర్వాత అక్కడ ఎవరి సంచీ విప్పలేదు. మేస్త్రి గారు కొత్త పిల్లలు చేరినప్పుడు ముందు ఆ పలకనే చూపించేవారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మనం ఎక్కడికి వెళ్లినా, ఏదైనా పోతే మొదటి చూపు మన మీద పడే చోట్లు కొన్ని ఇంకా ఉన్నాయి. అది న్యాయం కాదు. ఆ చూపును మార్చే బాధ్యత చూసేవాళ్లది. కానీ అది మారేదాకా మన తరఫున సాక్ష్యం చెప్పేది ఏదైనా ఉండాలి కదా! నోటితో ఎంత చెప్పినా నమ్మనివాళ్లు, సర్ది ఉన్న పెట్టెను చూసి నమ్మారు. కాబట్టి మొదటి జీతంతో పానాల సెట్టు కొనుక్కునే రోజున, దాంతోపాటే ఒక చెక్క పలక, చిన్న డబ్బా పెయింటు కూడా తెచ్చుకోండి.

అభ్యాసం

1. అర అంగుళం డ్రైవు సాకెట్‌కు 12 మి.మీ. గుండ్రటి కడ్డీ ఎందుకు సరిపోతుంది?
2. సైజు అంకె సాకెట్ మీద ఉన్నప్పటికీ పలక మీద కూడా ఎందుకు రాయాలి?
3. అర అంగుళం తల ఉన్న బోల్టుకు 13 మి.మీ. సాకెట్ వాడితే ఏమవుతుంది?
4. ఈ రాత్రి దీపం ఆర్పి మీ ట్రంకు పెట్టెలోంచి పెన్ను, సబ్బు, దువ్వెన తీయండి. ఎంతసేపు పట్టిందో చూసుకోండి.