జీవము ఎక్కడిది? – కుటుంబ పాఠము

చదువవలసిన భాగములు: ఆదికాండము 1:11, 20, 24, 2:7

కోయంబత్తూరు, మదురై తెలుగు కుటుంబములకు

గత నెల సండే స్కూలులో ప్లస్ టూ చదివే ఒక అమ్మాయి, "తాతగారూ, జీవం సముద్రంలో రసాయనాల నుండి పుట్టిందని మా జువాలజీ పుస్తకంలో ఉంది. మీరేమో దేవుడు చేశాడంటారు. ఏది నిజం?" అని అడిగింది. "పరీక్షలో అది రాయి, మనసులో ఇది నమ్ము" అని పంపేశాను. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడు చెప్పవలసిన జవాబు కాదది. తరువాత రెండు ఆదివారములు ఆమె రాలేదు.

ముందు ఆ పుస్తకములోని సంగతి చూద్దాము. 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్ ఇంచుమించు ఒకే ఆలోచనను వేర్వేరుగా ప్రకటించారు. తొలి భూమిపై ప్రాణవాయువు లేదనీ, సూర్యుని అతినీలలోహిత కిరణాల వల్ల సముద్రంలో కర్బన పదార్థాలు పేరుకొని పలుచని వేడి చారులా తయారైందనీ హాల్డేన్ ఊహ. (ఇక్కడి పిల్లలకు రసం అంటేనే తెలుస్తుంది.) 1953లో చికాగోలో మిల్లర్ అనే విద్యార్థి గాజు పాత్రలలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి, మెరుపుకు బదులు విద్యుత్ రవ్వలు పంపాడు. వారం తిరిగేసరికి అమైనో ఆమ్లాలు కనిపించాయి. అవి ఇటుకలే, ఇల్లు కాదు. జీవం లేని పదార్థం నుండి జీవకణాన్ని ఇంతవరకు ఎవరూ చేయలేదు.

"చేయలేదు గనుక దేవుడున్నాడు" అని కొందరు బోధకులు చప్పట్లు కొట్టిస్తారు. నాకు అది నచ్చదు. రేపు చేస్తే? జీవుల శరీరంలోనే పుడుతుందనుకున్న యూరియాను 1828లో వోలర్ ప్రయోగశాలలో చేసి చూపించాడు. అంతమాత్రాన దేవుడు తగ్గిపోలేదు గదా!

ఆదికాండము చూడండి. మొక్కలను మొలిపించుమని దేవుడు భూమికే ఆజ్ఞ ఇచ్చాడు, ప్రాణులను పుట్టించుమని నీళ్లకే చెప్పాడు. నరుని మంటితో చేసి ఊపిరి ఊదాడు. తమిళుల ఉయిర్, మన పాత తెలుగు ఉసురు ఒకే మూలపు మాటలు. ఆ ఉసురు ఇచ్చినవాడెవరో వాక్యము చెబుతుంది. మట్టి ఏ విధముగా పని చేసిందో వెదకవద్దని ఎక్కడా లేదు.

ఇక్కడి పాత తెలుగు కుటుంబాలు ఎలా వచ్చాయి? విజయనగర, నాయక రాజుల కాలంలో సైన్యాల వెంట, నల్లరేగడి సాగు కోసం అని చరిత్ర చెబుతుంది. దేవుడు నడిపించాడని మనము స్తుతిస్తాము. మొదటిది నిజమైనందున రెండవది అబద్ధమౌతుందా?

మరొక సంగతి. దేవుని నమ్మని ఆ హాల్డేన్ 1957లో మన దేశం వచ్చి, పౌరసత్వం తీసుకొని, 1964లో భువనేశ్వరంలో మరణించాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వమని కోరగా, అది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీ మెక్లారిన్ దొర పని ఆరంభించిన కాకినాడే అది! మనలో గోదావరి జిల్లాల నుండి వచ్చినవారు ఆయన పేరు విని ముఖం చిట్లించనక్కరలేదు.

మొన్న ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, నా జవాబు తప్పని ఒప్పుకున్నాను. "మరి పరీక్షలో ఏం రాయను?" అంది. మిల్లర్ ప్రయోగం బొమ్మతో సహా రాయమన్నాను. ఆదివారం ఆ పుస్తకం తెస్తానంది.