షావుకారి ఫోటో తీయబోయే పిల్లలకి

ఒకప్పుడు మా శ్రీకాకుళం, విజయనగరం వైపు షావుకార్లు ఫోటోకి స్టూడియోకే వచ్చేవారు. వెనకాల రంగుల తెర, పక్కన పూలకుండీ, బల్ల మీద టెలిఫోను. ఆ ఫోటో కొట్లో గల్లాపెట్టె పైన వేలాడేది. వచ్చేపోయే చుట్టాలు చూసి మెచ్చుకునేవారు. ఇప్పుడు మనమే కెమెరా సంచీ భుజానేసుకుని మిల్లుకీ ఫ్యాక్టరీకీ వెళ్తున్నాం. ఆ ఫోటో ప్యాకెట్ మీదకీ, ఫ్లెక్సీ మీదకీ, ఎక్కడో ఊరుగాని ఊళ్లో ఉన్న బేరగాడి ఫోన్‌లోకీ పోతోంది. ఈ తేడా తలకెక్కితే మిగతా పాఠాలన్నీ దాని వెంటే వస్తాయి. యజమానికి గొప్పగా కనబడాలని ఉంటుంది. కొనేవాడికి మాత్రం ‘ఈయనకి సరుకు తెలుసా?’ అన్న ప్రశ్నకి జవాబు కావాలి. డబ్బులిచ్చేది మొదటాయన, ఫోటో చూసేది రెండో ఆయన. మొదటాయన మనసు నొప్పించకుండా రెండో ఆయనకి జవాబు చెప్పడమే మన పని.

1. ముందు ఒట్టి చేతులతో వెళ్లండి

పలాస, కాశీబుగ్గల్లో ఏ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లినా యజమాని మిమ్మల్ని తిన్నగా ఏసీ గదిలో కూర్చోబెడతాడు. తిరిగే కుర్చీ, వెనక వేంకటేశ్వరస్వామి పటం, అద్దం బల్ల. ఫోటో అక్కడే తీసేయమంటాడు. టీ తాగండి, తాగాక ఫ్యాక్టరీ చూపించమనండి. ఆరబోసిన జీడిపిక్కలు, ఆవిరి పట్టే బాయిలరు, పిక్క కొట్టే ఆడవాళ్లు, పప్పు ఆరబెట్టే వేడి గది, పొర తీసే వరసలు, చివర్న గ్రేడింగు బల్ల. మీరు మాత్రం ఆయన్నే కనిపెట్టుకుని ఉండండి. ఎక్కడో ఒకచోట ఆయన కాళ్లు వాటంతట అవే ఆగుతాయి.

నేనెరిగిన ఒక పెద్దాయనకి గ్రేడింగు బల్ల దగ్గర ఆగాయి. ట్రేల మీద 180, 210, 240, 320 అని రాసుంది. పౌను తూకానికి ఎన్ని పప్పులొస్తాయన్నది ఆ అంకె. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా పెద్దదే. ఆయన నాతో మాట ఆపకుండానే 240 ట్రేలోంచి గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి, బొటనవేలితో ఒక్క పప్పుని పక్కకి నెట్టాడు. దాని వీపు మీద ఆవగింజంత మచ్చ. “ఇది దీన్లోకి ఎలగొచ్చిందే?” అని కేకేశాడు. ఆ క్షణంలో ఆయన కళ్లలో ఉన్నదే మనకి కావలసిన ఫోటో. మర్నాడు కెమెరాతో వెళ్లి ఆ బల్ల దగ్గరే నిలబెట్టాను. నవ్వమని గానీ, ఇటు చూడమని గానీ అనలేదు. ట్రే ముందు పెట్టాను, అంతే.

2. ఎక్కడ వేస్తారో అడగనిదే బటన్ నొక్కకండి

ప్యాకెట్ మీదకైతే ఒక లెక్క, ఫ్లెక్సీకైతే ఇంకో లెక్క. 24 మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మలో అడ్డంగా 6000 చుక్కలు, నిలువుగా 4000 ఉంటాయి. మంచి అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి ఇరవై అంగుళాల వెడల్పు దాకా ఢోకా లేదు. కానీ దూరం నుంచి తీసి, తర్వాత మొహం ఒక్కటే కత్తిరించి వాడుకుందామంటే కుదరదు. మొహానికి వెయ్యి చుక్కలే మిగిలితే మూడంగుళాలు దాటేసరికి మసకబారుతుంది.

విజయనగరంలో దసరా వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజులకి ఊళ్లో ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే. వాటిని జనం కదులుతున్న ఆటోలోంచి చూస్తారు. అక్కడ మొహం పెద్దదిగా, వెనక సరుకు ఒక్కటే ఉండాలి. పేరుకీ ఫోన్ నంబరుకీ ఒక పక్క ఖాళీ వదలండి. వదలకపోతే డిజైన్ చేసే కుర్రాడు ఆయన భుజం మీద తాటికాయంత అక్షరాలు పెడతాడు.

3. మన వైపు పొద్దు త్వరగా వాలుతుంది

దేశమంతటి గడియారాలకీ లెక్క అయిన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. మనం దానికి తూర్పున ఉన్నాం. డిసెంబరు మొదట్లో శ్రీకాకుళంలో అయిదుంబావు దాటేసరికి సూర్యుడు దిగిపోతాడు. వ్యాపారస్తుడికి తీరుబడి దొరికేది సాయంత్రమే. “అయిదింటికి రా బాబూ” అంటాడు. వెళ్లేసరికి వెలుగుండదు. కాబట్టి కొట్టు తెరవకముందు, పొద్దున్న ఏడు ఎనిమిది మధ్య అడగండి. రాహుకాలం, అమావాస్య ఆయన చూసుకుంటాడు, మీరూ చూసుకోండి. ముహూర్తం నచ్చని మనిషి మొహంలో అది కనబడుతుంది.

ఎండ నడినెత్తికి వచ్చాక తీయాల్సి వస్తే గోడౌను షట్టరు పైకెత్తించి, గుమ్మానికి రెండు బారలు లోపల, మొహం బయటికి ఉండేలా నిలబెట్టండి. అంత మెత్తటి వెలుగు ఏ లైటూ ఇవ్వదు. లోపల ట్యూబ్‌లైట్లే గతి అయితే షట్టరు వేగం 1/50 గానీ 1/100 గానీ ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్. అంతకన్నా వేగం పెడితే ఒక బొమ్మలో వెలుతురు, ఇంకో బొమ్మలో చీకటి వస్తుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాని ఉక్కలోకి రాగానే వాడకండి. లెన్సు మీద చెమ్మ ఆరేదాకా ఆగాలి.

4. చేతులు ఖాళీగా ఉంచకండి

చేతులు కట్టుకుని నిలబడ్డ షావుకారు ఫోటోలు జిల్లాకి సరిపడా ఉన్నాయి. ఆ చేతులు ఏం చేస్తాయో అందులో ఎక్కడా కనబడదు. 1928లో జర్మనీలో ఆగస్ట్ సాండర్ అనే ఆయన ఒక మిఠాయి వంటాయన ఫోటో తీశాడు. తెల్లకోటు, పెద్ద గిన్నె, ఎదురుగా సూటి చూపు. ఆ వంటాయన పనేంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

అంత దూరం ఎందుకు, వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు ఉన్నాడు. మల్లయోధుడే కాదు, సర్కస్ కంపెనీ నడిపిన యజమాని కూడా. ఆయన పేరెత్తగానే కళ్ల ముందుకొచ్చేది ఛాతీ నిండా పతకాలున్న ఫోటో. గోడలాంటి ఆ ఛాతీ ఆయన సరుకు, ఆ పతకాలు దానికి పడ్డ ముద్ర. ఏ వస్తువు చేతికివ్వాలా అని మీకు తోచనప్పుడు, ఆయన రోజూ ముట్టుకునే వస్తువేదో అడగండి. బియ్యం మిల్లాయన చేతిలో బియ్యం, ఇత్తడి పనాయన చేతిలో సుత్తి. కొత్త ఫోను, బంగారపు గొలుసు, కారు తాళం మాత్రం వద్దు.

5. వెనకాల ఉన్నది సాక్ష్యం చెబుతుంది

ఫ్రేము నాలుగు మూలలూ చూసుకున్నాకే మొహం చూడండి. బస్తాల మీద మార్కా కనబడితే ఈయన ఎవరికి అమ్ముతున్నాడో పోటీవాడికి తెలిసిపోతుంది. గోడ మీద రేట్ల బోర్డు ఉంటే ఆర్నెల్లలో ఫోటో పాతబడుతుంది. ఇంకో కంపెనీ క్యాలెండరు ఉంటే ఆ ప్రచారం ఉచితంగా వాళ్లకి పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, వెనకాల ఉన్న మనుషులు. జీడి తొక్కలో ఉండే నూనె చేతుల్ని కాల్చి నల్లగా చేస్తుంది. పిక్క కొట్టే ఆడవాళ్లు తొడుగులు లేకుండా మీ ఫోటోలో పడితే, రేపు పైదేశపు బేరగాడు మొదట అడిగేది దాని గురించే. తలకి టోపీ లేకుండా పప్పు ఏరుతున్నా అంతే. పక్కన చిన్నపిల్లలు కనబడితే కెమెరా దించేయండి. ఆ ఆడవాళ్లని కూడా ఒక మాట అడగండి. “అమ్మా, మీరు కూడా ఫోటోలో పడతారు, సరేనా?” అంటే సరేననేవారు ఉంటారు, కొంగు అడ్డం పెట్టుకునేవారు ఉంటారు. యజమాని ఒప్పుకున్నాడు కదా అని వాళ్లు కూడా ఒప్పుకున్నట్టు కాదు.

6. సరుకుని బట్టి వెలుగు

బుడితి ఇత్తడి సామాను ముందు కెమెరా పెడితే బిందె బొజ్జలో మీరే కనబడతారు, మీ ఎర్రచొక్కాతో సహా. నల్లచొక్కా వేసుకెళ్లండి. లైటుని నేరుగా కొట్టకుండా పక్కన తెల్ల థర్మోకోల్ షీటుకి కొట్టి మళ్లించండి. టెక్కలి నీలి గ్రానైట్ పాలిష్ పలకలకీ ఇదే మందు. పొందూరు ఖద్దరు పంచె, చొక్కా వేసుకున్న పెద్దాయన ఫ్రేము నిండా ఉంటే కెమెరా ఆ తెలుపుని బూడిదరంగు చేసేస్తుంది. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి, అంత సన్నటి నూలు. అది మాసిన బట్టలా కనబడితే నేసినవాళ్లకే అవమానం. ఎక్స్‌పోజరు ఒక స్టాప్ పెంచుకోండి. ఇక బియ్యం మిల్లులో కిటికీలోంచి పడే ఎండలో ఊక ధూళి తేలుతుంటే ఎంతో అందంగా ఉంటుంది, కానీ అక్కడ లెన్సు మార్చారో ఆ ధూళి సెన్సారు మీదే కూర్చుంటుంది.

7. వెడల్పు లెన్సుతో దగ్గరకి వెళ్లకండి

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసే ఆయన్ని ఫోన్‌తోనో వెడల్పు లెన్సుతోనో దగ్గర్నుంచి తీస్తే వీణ కుండ గుమ్మడికాయంతా, ఆయన తల నిమ్మకాయంతా అవుతాయి. ఒకే పనస దుంగలోంచి తొలిచి, కొలత తప్పకుండా చేసిన వాద్యాన్ని మనం వంకర చేసినట్టు. 50 గానీ 85 గానీ మిల్లీమీటర్ల లెన్సు పెట్టుకుని వెనక్కి జరగండి. సాలూరు లారీ యజమానిదైతే ఇంకో చిక్కు. లారీ పక్కన నిలబెడితే మనిషి చీమైపోతాడు. క్యాబిన్ తలుపు తెరిచి, మెట్టు మీద ఒక కాలు వేసి నిలబడమనండి. లారీ ఆయనదేనని చెప్పకుండానే తెలుస్తుంది.

8. వెలుగుతో తీర్పు చెప్పకండి

1963లో జర్మనీలోని ఎస్సెన్‌లో ఆర్నాల్డ్ న్యూమన్ ఆల్‌ఫ్రీడ్ క్రుప్ అనే ఉక్కు యజమాని ఫోటో ఆయన ఫ్యాక్టరీలోనే తీశాడు. యుద్ధకాలంలో బందీలతో పని చేయించిన నేరానికి శిక్షపడ్డ మనిషి క్రుప్. న్యూమన్ యూదుడు. రెండు పక్కల నుంచీ లైట్లు పెట్టి, కొంచెం ముందుకి వంగమన్నాడు. ఆ ఒక్క మార్పుతో మొహం దయ్యంలా వచ్చింది. న్యూమన్ అది కావాలనే చేశాడు, ఆయన కారణం ఆయనకుంది. మీరు మాత్రం తెలియక చేయకండి. లైటు ఎప్పుడూ ఒక పక్క నుంచి, కంటికి కాస్త పైన. పెట్రోమాక్స్ నేల మీద పెట్టినట్టు కింద నుంచి వేస్తే పెద్దమనిషి కూడా దొంగలా కనబడతాడు.

9. ఒంటి రంగు జోలికి వెళ్లకండి

“కాస్త తెల్లగా చెయ్యి బాబూ” అని అడగని వాళ్లు తక్కువ. జీడితోటల ఉద్దానంలో ఎండకి తిరిగిన మనిషిని పాలమీగడలా చేస్తే ఆయన్ని కలిసిన బేరగాడు గుర్తుపట్టడు. గుర్తుపట్టకపోతే నమ్మకం పోయినట్టే. కాదని మొహం మీద అనకుండా, కళ్ల కింద నీడ తీసి, చొక్కా తెలుపు తగ్గించి చూపించండి. పక్కన తెలుపు తగ్గితే మొహం అదే తేటపడుతుంది. అప్పుడాయనే “ఇప్పుడు బాగుంది” అంటాడు.

10. ఆడవాళ్ల వ్యాపారంలో ఆడవాళ్లే మధ్యన ఉండాలి

డ్వాక్రా సంఘంలో మొదలుపెట్టి పచ్చళ్లో, జీడిపప్పో అమ్ముతున్న ఆవిడ “నాకెందుకు బాబూ, ఆయన్ది తియ్యి” అంటుంది. ఆయన అప్పటికే చొక్కా మార్చుకుని వచ్చేసుంటాడు. ఆయనది కూడా ఒకటి తీయండి, గొడవ లేదు. తర్వాత ఆవిణ్ని జాడీల దగ్గరికి తీసుకెళ్లి ఉప్పెంత వేస్తారో చెప్పమనండి. మాట నడుస్తుండగా తీసిందే ప్యాకెట్ మీదకి పంపండి.

11. కాగితం మీద రాసుకోండి, ఫైళ్లు దాచుకోండి

1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బులు తీసుకుని ఒకరు అడగ్గా తీసిన ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. ఆ ఫోటో మీ స్టూడియో గుమ్మంలో పెట్టుకోవాలన్నా ముందే ఒక వాక్యం రాయించుకోవాలి. ఎన్ని బొమ్మలు, ఎంత అడ్వాన్సు, ఎన్నిసార్లు దిద్దుతారో కూడా రాయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే చుక్కలన్నీ మధ్యలోనే రాలిపోతాయి.

పాత ఫైళ్లు చెరపకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తరాల నాటి జీడితోటలు, కొబ్బరితోటలు నేలకూలాయి. తోటతో సహా తీయించుకున్న యజమానులకి ఆ ఫోటోయే ఇప్పుడు తోట.

12. తెలియనివాళ్లకి చూపించండి

బిల్లు రాసే ముందు పేరు, బోర్డు కనబడకుండా చేత్తో మూసి, ఆ బొమ్మని టీకొట్టు కుర్రాడికి చూపించండి. “ఈయన ఏం చేస్తాడో చెప్పు” అనండి. “జీడిపప్పు ఆయన” అన్నాడా, బిల్లు రాసుకోండి. “ఎవరో డబ్బున్నాయన” అన్నాడా, మర్నాడు పొద్దున్నే వెళ్లి మళ్లీ తీయండి. ఆ రెండో రోజుకి డబ్బులు అడగొద్దు.