ఆట ఎందుకు ఆగి ఆగి సాగింది?

మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఒక సోమవారం ఉదయం ముఖం వేలాడేసుకుని స్టాఫ్ రూముకు వచ్చాడు. “మాస్టారూ! కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుందని చెప్పారు కదండీ. మా ఇంటికొచ్చేది కూడా కాంతితో నడిచే ఫైబర్ ఇంటర్నెట్టే. మరి మా ఆట నత్తనడక నడుస్తుందేమండీ?” అని అడిగాడు.

విషయం ఏమిటంటే, వాడి మేనమామ దుబాయ్ నుంచి వస్తూ ఒక గేమ్ కన్సోల్ తెచ్చాడు. విజయవాడలో ఉన్న పిన్ని కొడుకుతో వీడు ఆదివారాల్లో దానిమీద ఫుట్‌బాల్ ఆడతాడు. సరిగ్గా గోలు కొట్టే సమయానికి తెరమీద బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్ళీ కదిలేసరికి బంతి వీడి గోలులోనే ఉంటుంది! వాళ్ళ నాన్న ఊళ్ళో టిఫిన్ సెంటరు నడుపుతాడు. పిల్లవాడి పోరు పడలేక, సెకనుకు 50 మెగాబిట్ల ప్లాను మానిపించి 200 మెగాబిట్ల ప్లాను పెట్టించాడు. నెలనెలా బిల్లు పెరిగింది గాని ఆట బాగుపడలేదు. “ఆ పెట్టె అమ్మేస్తానంటున్నారండీ నాన్న” అన్నాడు వాడు, కళ్ళనీళ్ళు ఆపుకుంటూ.

నేను అంతవరకు కన్సోల్ అనేదాన్ని ముట్టుకోలేదు. కాని కొలవడం తెలుసు కదా! “సాయంత్రం వస్తాను, టేపు సిద్ధంగా ఉంచు” అన్నాను.

కన్సోల్ అంటే ఏమిటి?

గేమ్ కన్సోల్ అంటే ఆటల కోసమే తయారైన కంప్యూటరు. దాని బొమ్మ టీవీ తెరమీద పడుతుంది. ఇంటర్నెట్‌కు కలిసే ఏర్పాటు దానిలో మొదటినుంచీ లేదు. 1998లో జపాన్‌లో విడుదలైన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ టెలిఫోను లైనుకు తగిలించే మోడెంతో వచ్చింది. 2001లో వచ్చిన ఎక్స్‌బాక్స్‌కు ఈథర్‌నెట్ తీగ పెట్టే సాకెట్టు ఉంది. ఈథర్‌నెట్ ఆలోచన అంతకంటె పాతది. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి దీన్ని ప్రతిపాదించాడు. నేటి కన్సోళ్ళు చాలావరకు అటు తీగతోను, ఇటు వైఫైతోను కలుస్తాయి.

వెడల్పు వేరు, ఆలస్యం వేరు

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. 50 మెగాబిట్లు, 200 మెగాబిట్లు అనేవి దేనిని చెబుతున్నాయి? ఒక సెకనులో ఎంత సమాచారం రాగలదో చెబుతున్నాయి. ఒక బిట్టు బయలుదేరి చేరడానికి ఎంతసేపు పడుతుందో అవి చెప్పవు.

ఆర్టీసీ బస్సులను తలచుకోండి. విజయవాడ నుంచి హైదరాబాదుకు గంటకు ఐదు బస్సుల బదులు ఇరవై బస్సులు వేశారనుకుందాం. ఎక్కువమంది ప్రయాణం చేయగలరు. కాని మీరు ఎక్కిన బస్సు హైదరాబాదు చేరడానికి పట్టే గంటలు తగ్గుతాయా? తగ్గవు. ఇంటర్నెట్ ప్లాను పెంచడం బస్సుల సంఖ్య పెంచడం లాంటిదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. కొత్త ఆట ఒకటి 100 గిగాబైట్లు ఉందనుకోండి. బైటుకు 8 బిట్లు కాబట్టి అది 8,00,000 మెగాబిట్లు. సెకనుకు 50 మెగాబిట్ల లైనుమీద అది దిగడానికి 16,000 సెకన్లు, అంటే సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. 200 మెగాబిట్ల లైనుమీద 4,000 సెకన్లు చాలు. ఇక్కడ పెద్ద ప్లాను పనికివచ్చింది.

మరి ఆడేటప్పుడో? కన్సోల్ పంపేవి “ఆటగాడు ఎడమకు తిరిగాడు, బంతిని తన్నాడు” వంటి చిన్న చిన్న కబుర్లు మాత్రమే. ఒక్కొక్కటి 200 బైట్ల చొప్పున సెకనుకు 60 కబుర్లు పంపుతుందనుకుంటే, 200 × 8 × 60 = 96,000 బిట్లు. అంటే ఒక మెగాబిట్టులో పదోవంతు! దీనికి 50 మెగాబిట్లే ఎక్కువ. కావలసిందల్లా ప్రతి కబురూ వేళకు చేరడం. బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు కబురు 200 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, ఈలోగా బంతి 4 మీటర్లు దాటిపోతుంది. గోలు కీపరు ఖాళీ గాలిమీదికి దూకుతాడు.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

వాళ్ళ ఇల్లు ముందు టిఫిన్ సెంటరు, వెనక మూడు గదులు. ఫైబర్ పెట్టె ముందు దుకాణంలో ఉంది. వెనక్కి వైఫై అందడం లేదని మధ్యగదిలో మరో వైఫై రూటరు పెట్టి, రెంటినీ తీగతో కలిపారు. ఆ రూటరు ఇనప బీరువా వెనకాల, గోడ మూలన ఉంది. కన్సోల్ వెనకగదిలో ఉంది.

వాడి అక్క లాప్‌టాప్‌ను కన్సోల్ పక్కనే పెట్టి, పింగ్ అనే పరీక్ష చేశాం. పింగ్ అంటే “ఉన్నావా?” అని ఒక కబురు పంపి, “ఉన్నాను” అని జవాబు రావడానికి పట్టిన కాలాన్ని కొలవడం. కొండ ఎదుట నిలబడి కేక వేసి ప్రతిధ్వనికోసం వేచి ఉండటం వంటిదే. అయితే మేము దూరాన ఉన్న సర్వరుకు కాక, మధ్యగదిలోని రూటరుకే పింగ్ పంపాం. ఎందుకు? ఆలస్యం ఇంట్లోనే కనిపిస్తే, బయట వెదకక్కరలేదు కదా!

పదిసార్లు పంపితే మిల్లీసెకన్లలో వచ్చిన అంకెలివి: 4, 6, 5, 190, 4, 7, 5, 240, 4, 5.

వీటి సగటు 47. కాని జాగ్రత్తగా చూడండి. నలభై ఏడు దగ్గర ఒక్క అంకె కూడా లేదు! ఎనిమిది కబుర్లు 7 మిల్లీసెకన్ల లోపే చేరాయి. రెండు మాత్రం దారిలో చిక్కుకున్నాయి. సగటు చూసి తృప్తిపడితే అసలు దోషం దాగిపోతుంది. ఆటను చెడగొట్టింది ఆ రెండే. ఆలస్యం ఇలా ఒక్కోసారి ఒక్కో రకంగా మారడాన్ని జిట్టర్ అంటారు.

“చూశావా! కబురు ఇల్లు దాటకముందే ఆలస్యమైపోతోంది. ఇక 200 కాదు, 1000 మెగాబిట్ల ప్లాను పెట్టినా ఇంతే” అన్నాను.

బీరువా చేసిన పని

వైఫై కూడా రేడియో తరంగమే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు. లోహపు రేకు దాన్ని అద్దంలా వెనక్కి కొడుతుంది. తడిగోడలు, నీళ్ళ డ్రమ్ములు కొంత మింగేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా దాదాపు ఇదే పౌనఃపున్యంలో కాబట్టి, పక్కన అది నడుస్తుంటే చికాకే. పైగా వైఫైలో ఒక ఛానెలు మీద ఒకేసారి ఒక్కరే మాట్లాడాలి. తరగతిలో ఇద్దరు కలిసి జవాబు చెబితే నాకు ఏదీ వినపడదు కదా, అలాగే ఇద్దరు కలిసి పంపితే కబుర్లు చెడిపోతాయి. ఇద్దరూ కాసేపు ఆగి మళ్ళీ పంపాలి. పక్కింటి వైఫై అదే ఛానెలులో ఉన్నా వంతుకోసం ఆగవలసిందే.

ప్రయోగంలో ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ముందు రూటరును బీరువా వెనకనుంచి తీసి ఎత్తుగా బల్లమీద పెట్టాం. 190, 240 వంటి అంకెలు పోయాయి. కాని అప్పుడప్పుడు 30, 40 ఇంకా వస్తున్నాయి. తరవాత రెండో మార్పు: తీగ.

తీగ కట్టే పద్ధతి

టేపుతో కొలిస్తే రూటరు నుంచి కన్సోల్ వరకు గోడ వెంబడి 12 మీటర్లు వచ్చింది. ఈథర్‌నెట్ రాగి తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది కాబట్టి దిగులు లేదు. ఈ తీగలో ఎనిమిది సన్నని రాగి తీగలు నాలుగు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. మెలిక ఎందుకు? బయటి విద్యుత్ చికాకు జతలోని రెండు తీగలమీదా సమానంగా పడుతుంది. అందుకునే పరికరం రెంటి మధ్య తేడానే చూస్తుంది కనుక ఆ చికాకు రద్దయిపోతుంది. ఈ మెలిక ఉపాయానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందాడు.

తీగ ఒక కొసను రూటరులో లాన్ అని రాసి ఉన్న కన్నాలలో ఒకదానికి పెట్టాలి. వాన్ అనే కన్నం బయటి లైనుది, దాన్ని కదిలించకూడదు. టెలిఫోను కన్నం ఇంకాస్త చిన్నదిగా ఉంటుంది, అదీ కాదు. రెండో కొసను కన్సోల్‌లో పెట్టి, క్లిప్పు ‘టక్’ మనేవరకు నొక్కాలి. తరవాత కన్సోల్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర వైఫై బదులు తీగ కనెక్షన్ ఎంచుకోవాలి. చిరునామా వగైరా రూటరే ఇస్తుంది.

ఒక హెచ్చరిక! ఫైబర్ పెట్టెకు వచ్చే సన్నని తీగ జోలికి పోవద్దు. అది గాజు తీగ. సంపూర్ణాంతర పరావర్తనం వల్ల కాంతి దానిలో నిలిచి ప్రయాణిస్తుంది. బాగా వంచితే కాంతి బయటికి పోతుంది, లైను బలహీనపడుతుంది. దాని కొసను కంటికి ఎదురుగా అసలే పెట్టుకోకూడదు. అందులోని పరారుణ కాంతి మన కంటికి కనిపించదు.

తీగ పెట్టి, లాప్‌టాప్‌ను కూడా తీగతోనే కలిపి పింగ్ పంపితే పదికి పదిసార్లూ 1 మిల్లీసెకను లోపే జవాబు వచ్చింది. ఆట సాఫీగా సాగింది.

వార్డెను రిజిస్టరు

కాని కథ పూర్తి కాలేదు. తమ్ముడి మాట వీడికి వినపడటం లేదు! కన్సోల్ పరీక్షలో నాట్ అనే అంశం దగ్గర అన్నిటికన్న కఠినమైన శ్రేణి కనిపించింది.

ఇంటర్నెట్‌లో ప్రతి పరికరానికి అంకెల చిరునామా కావాలి. పాత పద్ధతిలో ఈ చిరునామా 32 బిట్లు. అంటే మొత్తం 429 కోట్ల పైచిలుకు చిరునామాలే. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది కనుక అవి ఏమూలకు? అందుచేత ఇంటికంతటికీ ఒకే చిరునామా ఇచ్చి, లోపలి పరికరాల మధ్య పంచే బాధ్యత రూటరుకు అప్పగించారు. దీన్నే నాట్ అంటారు.

హాస్టలు ఉదాహరణ తీసుకుందాం. హాస్టలుకు చిరునామా ఒక్కటే. ఏ గదినుంచి ఎవరికి ఉత్తరం వెళ్ళిందో వార్డెను రిజిస్టరులో రాసుకుంటాడు. జవాబు వస్తే రిజిస్టరు చూసి ఆ గదికి పంపుతాడు. కాని లోపలినుంచి ఉత్తరం వెళ్ళకుండానే కొత్తవారినుంచి ఉత్తరం వస్తే? ఎవరికివ్వాలో తెలియక పారేస్తాడు. తమ్ముడి కన్సోల్ నుంచి నేరుగా వచ్చిన మాటలకు పట్టిన గతి అదే.

ఈ ఇంట్లో ఇద్దరు వార్డెన్లు ఉన్నారు! ఫైబర్ పెట్టె ఒక రిజిస్టరు, మధ్యగది రూటరు మరో రిజిస్టరు రాస్తున్నాయి. వాళ్ళ నాన్నను అడిగి, మధ్యగది రూటరును ఆక్సెస్ పాయింట్ పద్ధతికి మార్చాం. అప్పుడది రిజిస్టరు మానేసి కబుర్లు అందించడం మాత్రమే చేస్తుంది. మళ్ళీ పరీక్షిస్తే నాట్ నడిమి శ్రేణికి దిగింది. “అన్నా! వినపడుతోందా?” అని విజయవాడనుంచి కేక వినిపించింది.

కొన్నిచోట్ల ఇంటర్నెట్ కంపెనీయే అనేక ఇళ్ళకు కలిపి ఒకే చిరునామా ఇస్తుంది. ఆ వార్డెను మన చేతిలో ఉండడు. 128 బిట్ల కొత్త చిరునామా పద్ధతి, అంటే ఐపీవీ6 ఉందేమో కంపెనీని అడగాలి.

ప్రకృతి పెట్టిన హద్దు

ఇంకొక ఆలస్యాన్ని ఎవరూ తీసేయలేరు. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే. హైదరాబాదు నుంచి సింగపూరు సుమారు 3,300 కిలోమీటర్లు. రానూపోనూ 6,600 కిలోమీటర్లకు 33 మిల్లీసెకన్లు పడుతుంది. అసలు తీగ తిన్నగా పోదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ముంబైలోని సర్వరైతే, సుమారు 620 కిలోమీటర్ల దూరానికి, 6 మిల్లీసెకన్ల పైచిలుకు. అందుకే ఆటలో దగ్గరి సర్వరు ఎంచుకోవాలి.

మరుసటి నెల వాళ్ళ నాన్న ప్లానును మళ్ళీ 50 మెగాబిట్లకు తగ్గించాడు. కన్సోల్ ఇంట్లోనే ఉంది. “ఇన్నాళ్ళు రోగం ఒకచోట ఉంటే మందు ఒకచోట వేశాం మాస్టారూ” అంటూ పెసరట్టు తెచ్చి ముందు పెట్టాడు. కొనకముందు కొలవాలి అన్న పాఠం ఆ రోజు తండ్రీకొడుకులకే కాదు, నాకూ మళ్ళీ గుర్తొచ్చింది.

మీరు చేసి చూడండి

1. పెద్దల అనుమతితో మీ రూటరుకు పదిసార్లు పింగ్ పంపి అంకెలు రాయండి. రూటరు చిరునామా నెట్‌వర్క్ వివరాల్లో డిఫాల్ట్ గేట్‌వే అనే పేరుతో ఉంటుంది. సగటు, మధ్యగతం రెండూ కట్టండి. మీ ఇంటి పరిస్థితిని ఏది నిజంగా చెబుతోంది?

2. రూటరు దగ్గర ఒకసారి, బీరువా చాటున ఒకసారి అదే కొలత తీసుకుని పోల్చండి.

3. 60 గిగాబైట్ల ఆట సెకనుకు 100 మెగాబిట్ల లైనుమీద దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? (జవాబు: 80 నిమిషాలు)