అకీ ఫలం

మన పెరళ్లలో కనిపించే కుంకుడు చెట్టుకు బంధువులు ప్రపంచమంతటా ఉన్నాయి. వేసవిలో ఉత్తర భారతం నుండి మన బజార్లకు వచ్చే లీచీ ఆ కుటుంబానికి చెందినదే. అదే కుటుంబంలో పుట్టిన మరొక చెట్టు అకీ. ఇది మన దేశీయులకు దాదాపు అపరిచితం. కరీబియన్ సముద్రంలోని జమైకా ద్వీపంలో మాత్రం అకీ జాతీయ ఫలం. అక్కడి ప్రజలు దానిని పండుగా తినరు, కూరగా వండుకుంటారు. సరిగా వండినచో అది అమృతప్రాయమైన ఆహారం. తొందరపడి కోసినచో ప్రాణాంతకమైన విషం. ఈ రెండింటి నడుమ ఉన్న అంతరాన్ని గుర్తించే విద్య జమైకా గృహిణులకు తరతరాలుగా సంక్రమించింది.

అకీ జన్మస్థానం పశ్చిమాఫ్రికా. ఘనా ప్రాంతంలోని అకాన్ ప్రజల భాష నుండి ఆ పేరు వచ్చింది. పద్దెనిమిదవ శతాబ్దంలో బానిసలను తరలించిన ఓడల ద్వారా ఈ చెట్టు జమైకా చేరింది. 1793లో విలియం బ్లై అనే ఆంగ్ల నౌకాధిపతి జమైకా నుండి దీనిని ఇంగ్లాండులోని క్యూ ఉద్యానవనానికి తీసుకొనిపోయాడు. ఆ కారణంగా వృక్షశాస్త్రజ్ఞులు దీనికి 'బ్లైగియా సపిడా' అని నామకరణం చేశారు. సంకెళ్లతో సముద్రం దాటి వచ్చి, పరాయి నేలపై ఈ చెట్టును తమ వంటింటి సొత్తుగా నిలుపుకొన్న ఆఫ్రికా ప్రజలలో ఒక్కరి పేరైనా ఆ శాస్త్రీయ నామంలో లేదు. దానిని మోసుకొనిపోయిన నావికుని పేరు మాత్రం శాశ్వతమైంది!

అకీ కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఆకుపచ్చగాను, పక్వానికి వచ్చేసరికి పసుపు, ఎరుపు కలిసిన వన్నెతోను ఉంటుంది. ఆకారం బేరిపండును పోలి ఉంటుంది. పూర్తిగా పండిన కాయ చెట్టుపైననే తనంతట తాను మూడు పాయలుగా విచ్చుకుంటుంది. లోపల నిగనిగలాడే నల్లని గింజలు సాధారణంగా మూడుంటాయి. ఒక్కొక్క గింజను అంటిపెట్టుకొని మీగడ రంగు తొన ఒకటి ఉంటుంది. ఆ తొన మాత్రమే తినదగినది. లీచీలో మనం తినే తెల్లని గుజ్జు, జాజికాయను చుట్టుకొని ఉండే జాపత్రి కూడా ఇట్లే గింజను ఆశ్రయించి పెరిగిన భాగాలే.

కాయ విచ్చుకొనక ముందు ఆ తొనలో హైపోగ్లైసిన్ అనే విషపదార్థం అధికంగా ఉంటుంది. కాయ పండుతున్న కొద్దీ తొనలో అది క్షీణిస్తుంది. గింజలలో మాత్రం ఎన్నటికీ పోదు. మనం ఆహారం తీసుకొనని వేళల్లో దేహం నిలువచేసుకొన్న కొవ్వును కరిగించి శక్తిని పొందుతుంది, కాలేయం కొత్తగా చక్కెరను తయారుచేసి రక్తానికి అందిస్తుంది. హైపోగ్లైసిన్ ఈ రెండు పనులకూ అడ్డుపడుతుంది. రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. వాంతులు, మగత, మూర్ఛ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సకాలంలో గ్లూకోజు అందకపోతే రోగి దక్కడు. కడుపునిండా తిండి లేని పసిబిడ్డల దేహంలో చక్కెర నిలువలు స్వల్పం కనుక వారే మొదట బలి అవుతారు.

జమైకాలో 'వాంతుల జబ్బు' అని పిలువబడిన ఈ వ్యాధికి అకీ కారణమని 1916లో హెచ్. హెచ్. స్కాట్ అనే వైద్యుడు నిర్ధారించాడు. విషపదార్థాన్ని వేరుచేసి గుర్తించినది 1950వ దశకంలో. అయినను మరణాలు ఆగలేదు. 1998లో పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో రెండు నుండి ఆరేండ్ల వయసుగల 29 మంది చిన్నారులు మరణించగా, పచ్చి అకీ తినడమే అందుకు కారణమని పరిశోధకులు తేల్చారు.

ఈ కథ మనకు దూరమైనది కాదు. బీహారులోని ముజఫర్‌పూర్ ప్రాంతంలో ఏటా లీచీ కాపు వేళ పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో మరణించేవారు. 2014లో జరిగిన పరిశోధన, లీచీలోనూ హైపోగ్లైసిన్ ఉన్నదని, పగలంతా తోటలలో లీచీలు తిని రాత్రి భోజనం చేయక నిద్రించిన బిడ్డలకు ముప్పు అధికమని వెల్లడించింది. పిల్లలకు రాత్రి తప్పక అన్నం పెట్టవలెనన్నది శాస్త్రజ్ఞులు చేసిన ముఖ్యమైన సూచన. బంధుత్వం గుణంలోనూ కనిపించిందన్నమాట.

ఇక పాకవిధానం. చెట్టుపైన విచ్చుకొన్న కాయలనే దోటితో కోసి దించుతారు. మూసుకొని ఉన్న కాయను చేతితో బలవంతంగా విప్పడం నిషిద్ధం. నేలరాలి కుళ్లినవి కూడా పనికిరావు. తొనలను ఊడదీసి, గింజలను పశువులకు, పిల్లలకు అందకుండా పారవేస్తారు. తొన నడిమి చీలికలో ఎర్రని పొర ఒకటి ఉంటుంది. దానిని కత్తిమొనతో పూర్తిగా తీసివేయాలి. ఓపిక కావలసినది ఇక్కడే. ఒక కుటుంబానికి సరిపడా కూర కావాలంటే పదుల కొద్దీ తొనలను ఒక్కొక్కటిగా శుభ్రపరచాలి. పిదప కడిగి, ఉప్పునీటిలో మెత్తబడే వరకు ఉడికించి, ఆ నీటిని పారబోస్తారు. ఉడికిన తొనలు చక్కని పసుపువన్నెకు తిరుగుతాయి. ఎంత ఉడికించినా పచ్చికాయ మాత్రం నిరపాయకరం కాదు.

అకీకి తోడు ఉప్పుచేప. ఇది మన కోస్తా ప్రజలకు సుపరిచితమైన వస్తువే గాని, జమైకా వారు వాడేది ఉత్తర అట్లాంటిక్ చలినీటిలో దొరికే కాడ్ చేప. చెరకుతోటల యజమానులు బానిసలకు చవకగా తిండి పెట్టడానికి దీనిని దిగుమతి చేసేవారు. ఆ పేదతిండియే నేడు జాతీయ వంటకంలో సగభాగం. చేపను రాత్రంతా నానబెట్టి, ఉప్పు విడిచేదాకా నీరు మార్చి, ఉడికించి, ముళ్లు తీసి, రేకులుగా విడదీస్తారు. నూనెలో ఉల్లి, టమాటా, థైమ్ అనే సువాసన ఆకు, స్కాచ్ బానెట్ అనే మహాఘాటైన మిరపకాయ వేసి వేయించి, అందులో చేపను కలుపుతారు. అకీని చిట్టచివర వేయాలి. గరిటెను మెల్లగా, అడుగునుండి పైకి ఒకటి రెండుసార్లు తిప్పితే చాలు. గట్టిగా కలిపితే తొనలు చితికి ముద్దగా మారతాయి. పైన మిరియాల పొడి చల్లి దించుతారు.

చూపునకు అది అచ్చంగా కోడిగుడ్డు పొరటు. రుచిలో తీపి లేదు, పులుపు లేదు. వెన్న వంటి మెత్తదనం, చేప ఉప్పదనాన్ని తనలో ఇముడ్చుకొనే సౌమ్యగుణం దాని విశేషాలు. జమైకావాసులు దీనిని ఉదయభోజనంగా, ఉడికించిన పచ్చి అరటికాయలతోనో, వేయించిన పిండి ఉండలతోనో, నిప్పులపై కాల్చిన సీమపనసతోనో వడ్డిస్తారు. ఆ సీమపనసను 1793లో పసిఫిక్ దీవులనుండి జమైకాకు తెచ్చినవాడు మరెవరో కాదు, ఆ బ్లైయే!

విదేశాలలో స్థిరపడిన జమైకావాసులు డబ్బాలలో నిలువచేసిన అకీని కొనుక్కుంటారు. విషభయంతో అమెరికా ప్రభుత్వం 1973లో దాని దిగుమతిని ఆపివేసి, 2000లో, పరీక్షలకు నిలిచిన కర్మాగారాల సరుకును మాత్రం అనుమతించింది. డబ్బాలోని తొనలు ముందే ఉడికినవి కనుక, వాటిని మరల ఉడకబెట్టనక్కరలేదు. నీరు వడకట్టి, పొయ్యి దించబోయే ముందు వేసి, వేడెక్కగానే వడ్డించాలి.