చరవాణిలో అంతర్జాలం

సెల్‌ఫోను తొలుత మాటను మోసే సాధనం మాత్రమే. సంభాషణ సాగినంతసేపూ ఒక మార్గం ఆ ఇద్దరికే కేటాయింపబడేది. అనంతరం వచ్చిన జి.పి.ఆర్.ఎస్. పద్ధతి సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలుగా విభజించి, ఒకే మార్గాన్ని పలువురు పంచుకొనేటట్లు చేసింది. ఒక్కరికై కట్టించుకొన్న పడవకూ, రేవులో అందరినీ దాటించే పంటుకూ గల భేదమే ఇది. దానితో అంతర్జాలం అరచేతిలోనికి వచ్చింది.

ఈ కలయిక ఎంత గాఢమైనదో కోనసీమ 2022లో ఎరిగింది. జిల్లా పేరులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ నామమును చేర్చుటను వ్యతిరేకించిన నిరసన మే 24న అమలాపురంలో హింసగా మారింది. వదంతులను అరికట్టుటకై మొబైల్ అంతర్జాలం పలు దినములు నిలిపివేయబడింది. వదంతి, బ్రతుకుతెరువు ఒకే పంటుపై ఉన్నందున రెండూ ఆగిపోయాయి. ఇంటినుండి కొలువు చేసే యువతీయువకులు కొందరు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని, అవతలి ఒడ్డు సంకేతం కొరకు గోదావరి గట్టుకు చేరారు.