పండగ కోవా కొనబోయే మన పిల్లలకు

శ్రీకాకుళం నుంచి కంపెనీ పనికి వచ్చినవాళ్ల బిడ్డలం మేం. జంషెడ్‌పూర్‌లోనే పెరిగి పెద్దవాళ్లమయ్యాం. ఇక్కడ కొత్తగా కాపురం పెట్టిన మన పిల్లలకు పాలూ, కోవా, పనీరు గురించి నాకు తెలిసింది చెబుతున్నాను.

1. హోళీకీ దీపావళికీ ముందు ఆహార భద్రతాధికారులు చేసే తనిఖీలు చూసి నిశ్చింతగా ఉండొద్దు. పండగ గిరాకీకి ఊళ్లో పాలు చాలవు. కోవా, పనీరు బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో దిగి సాక్చీ, జుగ్సలాయ్ కొట్లకు చేరతాయి. పేపర్లో దాడి వార్త మనం చదివే వేళకు చాలా సరుకు బర్ఫీ అయిపోయి ఉంటుంది. మామూలు రోజుల్లోనూ ఈ తనిఖీలు జరగాలని గట్టిగా అడగండి.

2. సరుకు పట్టుకోగానే శిక్ష పడదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అధికారి నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాడు. రాష్ట్ర ప్రభుత్వ ల్యాబ్ రాంచీలో, నామ్‌కుమ్‌లో ఉంది. రిపోర్టుకు 14 రోజులు, అది ఒప్పుకోని వ్యాపారి అప్పీలుకు 30 రోజులు. ఆ లోపు పండగే వెళ్లిపోతుంది. నాసిరకమని తేలితే 5 లక్షల దాకా జరిమానాతో సరి. ఆరోగ్యానికి హాని అని తేలితేనే జైలు మాట.

3. దేనికి భయపడాలో తెలిసి భయపడండి. 2011 జాతీయ సర్వేలో జార్ఖండ్‌లో తీసిన పాల నమూనా ఒక్కటీ ప్రమాణాలకు తూగలేదు. అన్నీ సబ్బుపొడి పాలేనని జనం హడలిపోయారు. దేశం మొత్తం మీద ఎక్కువగా దొరికింది మాత్రం నీళ్లు, పాలపొడి. నీళ్లే కదా అని వదిలేయొద్దు. చంటిపిల్లకు దక్కాల్సిన బలం అక్కడే పోతోంది, పైగా అవి ఏ నీళ్లో ఎవరికి తెలుసు? 2018 సర్వేలో 6,432 నమూనాలు చూస్తే కల్తీ వల్ల ప్రమాదకరమైనవి 12. అంతకన్నా ఎక్కువగా కనిపించింది బూజు పట్టిన దాణా నుంచి పాలలోకి దిగే అఫ్లాటాక్సిన్ విషం. బస్టాండులో కోవా బుట్టలు పట్టుకున్నంత మాత్రాన అది ఆగదు. అధికారులు పశువుల పాక దాకా వెళ్లాలి.

4. బిల్లు అడగండి. దాని మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉండాలని 2022 నుంచి నిబంధన. చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ మాట కొట్టువాడికి చెప్పాలి. తప్పు తేలితే ఫీజు వెనక్కిస్తారు. ఇంత మంచి హక్కును వాడుకున్నవాళ్లు మన కదమా, సోనారీల్లో నాకింతవరకు తగల్లేదు. నాలుగిళ్లవాళ్లు తలా కొంత వేసుకుంటే ఫీజు భారం కాదు.

5. పనీరు ముక్కను నీళ్లలో మరిగించి, చల్లార్చి, రెండు చుక్కల అయోడిన్ వేయండి. నీలం తిరిగితే పిండి కలిసినట్టు. తిరగకపోతే పిండి లేదనే అర్థం, అంతకు మించి ధీమా వద్దు. నూనెతో చేసిన నకిలీ పనీరు దీనికి చిక్కదు, దానికి ల్యాబే దిక్కు. అనుమానం వస్తే మిగిలిన పనీరు పారేయకండి. ఫ్రిజ్‌లో దాచి, బిల్లు జతచేసి జిల్లా ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.