షుగర్ టెస్టు ట్యూబ్‌ను తక్కువగా చూడకు

చిరంజీవి రమ్యకు,

డీఎంఎల్‌టీ క్లాసులు పూర్తయ్యాయని, ఇక ఆసుపత్రి ల్యాబ్‌లో పోస్టింగ్ అని రాశావు. సంతోషం. ‘హెచ్ఐవీ, హెపటైటిస్ ఉన్నవాళ్ల శాంపిల్స్ ఏవో మాకు ముందే చెబుతారా పెదనాన్నా?’ అని కూడా అడిగావు. కొన్నిచోట్ల చెబుతారమ్మా, ఎర్ర సిరాతో రాసి మరీ పంపుతారు. ఆ ట్యూబ్ దగ్గర నువ్వెలాగూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటావు. నా బెంగంతా దాని పక్కనున్న షుగర్ టెస్టు ట్యూబ్ గురించే.

షుగరుకో థైరాయిడ్‌కో రక్తం ఇవ్వడానికి వచ్చిన మనిషిని హెపటైటిస్-బి ఉందా అని ఎవరూ అడగరు. అడిగినా ఆయనకే తెలియకపోవచ్చు. ఆ వైరస్ ఏళ్ల తరబడి కాలేయంలో కాపురముంటూ కూడా మనిషిని మామూలుగానే తిరగనిస్తుంది. పరీక్షలో నెగెటివ్ వచ్చినా పూర్తి భరోసా లేదు. హెచ్ఐవీ సోకిన తొలి వారాల్లో రక్తంలో వైరస్ దండిగా ఉంటుంది, యాంటీబాడీ పరీక్షకు మాత్రం దొరకదు. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1987లో, రోగి ఎవరైనా సరే, ప్రతి ఒక్కరి రక్తాన్నీ అంటుజబ్బు ఉన్నట్టే చూడమని చెప్పింది. మనిషిని చూసి, చీటీ చూసి జాగ్రత్తపడటమంటే ట్రాఫిక్ పోలీసు కనబడ్డప్పుడే హెల్మెట్ పెట్టుకోవడం లాంటిది. పైగా ఆ ఎర్ర సిరా రోగి గుట్టును నలుగురిలో పెడుతుంది, నీకు మాత్రం మిగతా ట్యూబులన్నీ మంచివేనన్న భ్రమ మిగులుస్తుంది.

మన భయాలు కూడా తప్పు లెక్కల మీద నడుస్తాయి. హెచ్ఐవీ ఉన్న రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం వెయ్యిలో 3. అదే హెపటైటిస్-బి అయితే, టీకా లేనివారికి నూటికి 6 నుంచి 30 దాకా ఉంటుంది. బల్ల మీద ఎండిపోయిన రక్తపు మరకలో ఆ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. పేరు వింటేనే జనం వణికే జబ్బు కన్నా, పెద్దగా పట్టించుకోని జబ్బే ల్యాబ్ మనిషికి ఎక్కువ దగ్గర.

ప్రమాదం అనగానే ట్యూబ్ పగలడం, సూది దిగడం గుర్తొస్తాయి. రాబర్ట్ పైక్ అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లలో సోకిన 3,921 జబ్బుల వివరాలు పోగుచేసి 1976లో ప్రకటించాడు. ఫలానా ప్రమాదం వల్ల సోకిందని తేలినవి వాటిలో ఐదో వంతు కూడా లేవు. అవి ఎక్కువగా పరిశోధన ల్యాబ్‌ల లెక్కలు కదా, నోటితో పిపెట్ పీల్చే కాలం నాటివి కదా అని నువ్వు అనవచ్చు. నిజమే. నోటి పిపెట్ పోయింది, కానీ గాల్లోకి లేచే కంటికి కనబడని తుంపరలు పోలేదు. ట్యూబ్ మూతను బొటనవేలితో ‘టప్’మని ఎగదోస్తే అంచున అంటుకున్న రక్తం సన్నగా చిమ్ముతుంది. మూత మీద గాజుగుడ్డ వేసి, ముఖానికి దూరంగా మెల్లగా తిప్పి తీయాలి. సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబ్ పగిలిన చప్పుడైతే వెంటనే మూత ఎత్తకు. ఆపేసి అరగంట వదిలెయ్. ఇక గ్లౌజు చేత్తో ఫోన్ ఎత్తడం ఉంది చూడు, అది నాకు సూది కన్నా మోసమనిపిస్తుంది. గ్లౌజు చెత్తబుట్టలోకి పోతుంది, ఫోన్ మాత్రం ఇంటికొచ్చి చెంపకు ఆనుతుంది.

‘ముప్పై ఏళ్లుగా ఒట్టి చేతులతో చేస్తున్నా, నాకేమైంది?’ అనే సీనియర్ ఒకరు నీకు తప్పక తగులుతారు. ఎదురు మాట్లాడకు, కానీ ఆ మాటను నమ్మకు. వెయ్యిలో మూడు అంటే 997 సార్లు ఏమీ కాదనే కదా! ఒక్క మనిషి అనుభవంలో అంత అరుదైనది కనబడకపోవడం వింత కాదు. పైగా ఆయన తన రక్తం ఎప్పుడైనా పరీక్షించుకున్నారో లేదో.

రెండో వాదన తొందర. ఉదయం ఎనిమిదింటికి వంద మంది క్యూలో ఉంటే ఈ నియమాలన్నీ కుదురుతాయా అంటారు. మనుషుల కొరత మాట నిజమే, ఆ బాధ్యత యాజమాన్యానిది. కానీ వాడిన సూదికి మళ్లీ మూత పెట్టడం తొందరలో చేసే పని కాదు, అదనంగా చేసే పని. ఒక చేత్తో మూత, ఇంకో చేత్తో సూది పట్టుకుని ఎదురెదురుగా తెచ్చే ఆ క్షణమే వేలికి గండం. అదే సూదిని పక్కనున్న తెల్ల షార్ప్స్ డబ్బాలో వేస్తే పని అక్కడికి అయిపోతుంది. డబ్బా గది అవతలి మూలన ఉంటే మాత్రం, నీ బల్ల దగ్గరకు తెప్పించుకో.

ఇంత చేసినా గుచ్చుకోవచ్చు. అప్పుడు వేలు పిండకు, నోట్లో పెట్టుకోకు, స్పిరిట్ పోయకు. సబ్బు నీళ్లతో కడిగి, సిగ్గుపడకుండా వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారేమోనని సాయంత్రం దాకా దాచిపెట్టడమే అన్నిటికన్నా ఖరీదైన తప్పు.

ఈ మందులు, గ్లౌజులు ఎవరి దయా కాదు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం రక్షణ సామగ్రి, శిక్షణ, ఆ మందులు సంస్థే ఇవ్వాలి. బయోమెడికల్ వ్యర్థాలు ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నిబంధనల్లో ఉంది. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించి, అది కనీసం 10 mIU/mL ఉందో లేదో చూసుకోవాలి. పోస్టింగ్ మొదలయ్యేదాకా ఆగకు. ఈ వారమే వెళ్లి మొదటి డోసు వేయించుకుని, తేదీ నాకు రాయి.

నీ పెదనాన్న